ఎడమ పురి

తాడు పేనే ఇంట్లో ఒకరు కూర్చుని రాట్నం తిప్పాలి, ఇంకొకరు పీచు నడుముకు కట్టుకుని వెనక్కి వెనక్కి నడవాలి. ఆ ఇంట్లో కూర్చునేది అత్త, వెనక్కి నడిచేది కోడలు. ఇంటి పక్క సందు పొడుగునా కోడలి మడమలు తవ్విన చాలు ఒకటి పడిపోయింది. వాన వస్తే నీళ్ళు ముందు అందులోనే నిలుస్తాయి.

రాట్నం కొక్కేనికి పీచు కొస తగిలించి కోడలు అడుగు వెనక్కి వేస్తే, అత్త పిడి తిప్పుతుంది. వేళ్ళ సందున పీచు జారుతుంటే పురి ఎక్కుతూ పోతుంది. ఎక్కడ లావైందో ఎక్కడ సన్నబడిందో కంటితో చూసేది కాదు, బొటనవేలు చెప్పాలి. పొద్దున్నే మొదలుపెడితే ఎండ గోడ దిగేదాకా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూనే ఉంటారు. కోడలి నడక కాస్త మందగించిందంటే ఆమె మనసు ఎక్కడికో పోయిందని అత్తకు తెలుస్తుంది. పిడి ఒక్క చుట్టు ఎక్కువ తిరిగిందంటే అత్తకు మోకాలు సలుపుతోందని కోడలికి తెలుస్తుంది. అన్నేళ్ళుగా అలా చూసుకున్న ఇద్దరు ఆడవాళ్ళ మధ్య మాటలతో పెద్దగా పని లేదు.

మామూలు తాడంతా కుడి పురి. బావికైనా, బండికైనా, గేదె పలుపుకైనా అంతే. పాడెకు కావాలని ఎవరైనా వస్తే మాత్రం అత్త పిడిని రెండోవైపుకు తిప్పుతుంది, ఎడమ పురి పడుతుంది. ఆ తాడు మిగతా తాళ్ళతో కలవకుండా వసారా చివర విడిగా వేలాడుతుంది. చావుకు సంబంధించిన ముడి ఏదైనా సరే ముసలామె చెయ్యి దానంతటది ఎడమకు తిరుగుతుంది. పక్కింటివాళ్ళ పిల్లి చస్తే గోనెలో మూటగట్టి ఇచ్చింది ఒకసారి. ఆ మూతికి కూడా ఎడమ మెలికే వేసింది. కోడలు నవ్వితే, "పిల్లి పోయినా పోవడమే కదే" అంది.

కొడుకు సరుకు పడవ మీద పనికి వెళ్ళి ఏళ్ళయింది. పడవ తిరిగొచ్చింది, అతను రాలేదు. ఏదో రేవులో దిగాడట, మళ్ళీ ఎక్కలేదట. బతికుంటే రాకపోడు అనేవాళ్ళు కొందరు, పోతే కబురు రాకపోదు అనేవాళ్ళు కొందరు. రెండు మాటలూ నిజంలాగే ఉండేవి. మధ్యలో కోడలి బతుకు అడకత్తెరలో పోకచెక్కలా ఉండిపోయింది.

ఇప్పుడు ఆ విషయం తేల్చుకోవలసిన అవసరం వచ్చింది. టార్పాలిన్ల కొట్టాయన వాళ్ళ తాళ్ళకు పాత బేరం. లారీల మీద పట్టాలు బిగించడానికి సన్నతాడు ఆయనే తీసుకుపోతాడు. భార్య పోయాక చిన్న కూతుర్ని ఒక్కడే పెంచుకుంటున్నాడు. తాడు చుట్ట చేతిలోకి తీసుకుని, కొస కాస్త విప్పి లోపలి పీచు చూసి, మళ్ళీ తనే పురి ఎక్కించి పెడతాడు. విప్పినదాన్ని విప్పినట్టు వదిలేసి పోయే రకం కాదు. ఆ ఒక్క పని చూసే కోడలికి ఆయన మీద మనసు నిలిచింది. పెళ్ళి మాట కూడా ఆయన తాడు కొస చూస్తూనే అడిగాడు, ఆమె మొహం చూడలేదు. వాళ్ళక్క సంబంధం ఒకటి పట్టుకుని గుమ్మంలో కూర్చుందని, ఎక్కువ రోజులు ఆగమనలేనని చెప్పాడు. ఆ మనిషి లేడని తేలితే పదిమందిలో పెళ్ళి చేసుకుంటానన్నాడు. ఉన్నాడని తేలితే మాత్రం ఇంకొకడి భార్య వైపు కన్నెత్తి చూడనన్నాడు.

కోడలి అన్న కూడా ఆ మాటకే కట్టుబడ్డాడు. కొండమీది అమ్మవారు అడిగినదానికి జవాబు చెబుతుందని పేరు. పోయినవాళ్ళ గురించి, రానివాళ్ళ గురించి అడగడానికి ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు. అక్కడ తేల్చుకుని రమ్మన్నాడు అన్న. ముసలామె అడ్డం పడుతుందని అందరూ అనుకున్నారు. ఆమె రాట్నం పిడికి నూనె రాస్తూ, "సరే పోదాం. నాకూ తెలియాలిగా" అంది. అంత తేలిగ్గా సరే అన్నందుకు కోడలు చాలాసేపు ఆమె వంకే చూసింది.

పోయాడని జవాబు రావాలి. ఆ మాట కోడలు పైకి ఎవరితోనూ అనలేదు. తనలో తాను అనుకోవడానికి కూడా, పీచు నానబెట్టే గుంట దగ్గర ఎవరూ లేని వేళ చూసి, సగమే అనుకుంది. మొగుడు పోయాడని చెప్పించుకోవడానికి అమ్మవారి దగ్గరికి పోయే ఆడది ఎక్కడైనా ఉంటుందా అని తనను తానే అడిగింది. గుంటలో పీచును కాలితో తొక్కుతూ ఉండిపోయింది.

*

బస్సులో అత్తకు కిటికీ పక్కన చోటు దొరికింది. మోకాళ్ళు ముడవలేక ఒక కాలు దారిలోకి చాపింది. వచ్చేపోయేవాళ్ళు ఆ కాలును దాటుకుంటూ పోయారు. ముందు సీట్లో ఒక బట్టతలాయన భార్యతో కొండకే వస్తున్నాడు. తలనీలాలు ఇస్తానని ఆవిడ మొక్కుకుందట, ఆయన తరఫున. నెత్తి తడుముకుంటూ, "నా దగ్గర ఇవ్వడానికేముందమ్మా, అమ్మవారే ఎదురివ్వాలి" అన్నాడు. బస్సులో సగంమంది నవ్వారు. ముసలామె కూడా నవ్వింది. కోడలు నవ్వబోయి, నవ్వొచ్చే పని మీద పోవడంలేదని గుర్తొచ్చి మానుకుంది.

ఆ బట్టతలాయన భార్య కొండకు పాత భక్తురాలు. అడగడమెలాగో ఆవిడే విడమరిచి చెప్పింది. ఉన్నాడనడానికి కుంకం, పోయాడనడానికి విభూతి. విభూతి అనకుండా జనం బూడిద అనేస్తారట. రెండూ రెండు ఎండాకు పొట్లాలు కట్టాలి. కట్టేది రక్తసంబంధం ఉన్నవాళ్ళు. ఎవరూ చూడని చోటికి పోయి, దారం తమ చేత్తో పురిపెట్టి కట్టాలి. తీసేది ఆ జవాబుతో బతకవలసినవాళ్ళు, కళ్ళకు గంత కట్టుకుని. తీసిన పొట్లం పూజారి విప్పుతాడు. తీయని పొట్లం ఎవరూ విప్పకూడదు, తీసినవాళ్ళే కిందికి తీసుకుపోయి గుండం నీళ్ళలో వదలాలి. ఒక సంగతి ఒక్కసారే అడగాలి. రెండోసారి అడిగితే అమ్మవారు పలకదు.

"ఒకరు కట్టేదీ ఇంకొకరు తీసేదీ ఎందుకంటే, మోసం లేకుండానన్నమాట" అంది ఆవిడ.

దారం తమ చేత్తో పురిపెట్టి కట్టాలన్న మాట దగ్గరే కోడలి బొటనవేలు చూపుడువేలి మీద ఒకసారి కదిలింది. అత్త చెయ్యి ఆమెకు తెలుసు. బూడిద పొట్లానికి ముసలామె కుడి పురి వేయదు, వేద్దామన్నా వేళ్ళు వినవు. కళ్ళకు గంత ఉంటేనేం. ఈ ఆలోచన ఆమె పిలిచిందేమీ కాదు, దానంతటదే వచ్చి పక్కన కూర్చుంది. దిగమని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

*

కొండ కింద దుకాణాల వరసలో పొట్లాల సరుకు అమ్మే ఆవిడకు గొంతు బొంగురు పోయి ఉంది. ఎండాకులు, చిటికెడు కుంకం, చిటికెడు విభూతి, ఒక పోగు పచ్చిదారం ఒక బుల్లి దొప్పలో పెట్టి ఇస్తోంది. పొద్దున్నుంచీ అదే చెప్పి చెప్పి ఇప్పుడు సగం మాటలు చేతులతోనే చెబుతోంది. కట్టేవాళ్ళు అటు, గోడ వెనక్కి. తీసేవాళ్ళు ఇటు, చెట్టు కింద. ముసలామెను చూసి, గట్టిగా బిగించొద్దు పెద్దమ్మా, పూజారికి గోళ్ళు లేవు, మొన్న ఒకావిడ కట్టిన ముడి విప్పలేక పళ్ళతో కొరికాడు అంది.

"మాది ముడులేసే పనేలే" అని అత్త దొప్ప పట్టుకుని గోడ వెనక్కి నడిచింది.

కోడలు చెట్టు కింద నిలబడింది. చాలాసేపే పట్టింది. రోజూ తాళ్ళు పేనే చేతులకు రెండు పొట్లాలు కట్టడానికి అంతసేపు ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. ముసలామె బయటికొచ్చేటప్పుడు కొంగుతో మూతి తుడుచుకుంటోంది. మంచినీళ్ళు కావాలంది. పుక్కిలించకుండా గుటక గుటకగా మింగింది. పొట్లాలు రెండూ ఆమె గుప్పిట్లోనే ఉన్నాయి. ఏడ్చి ఉంటుందనుకుంది కోడలు. అడగలేదు.

మెట్లెక్కడానికే మధ్యాహ్నమైంది. నాలుగు మెట్లెక్కి అత్త ఆగేది, తొడ మీద చెయ్యి వేసి నొక్కుకునేది. కోడలు ఒక మెట్టు కింద నిలబడేది, పడితే పట్టుకోవడానికి. పైన వరస పాములా మెలికలు తిరిగి ఉంది. ఇనుప గొట్టాల మధ్య మనుషులు ఒకరి వీపు ఒకరికి ఆనించి నిలబడ్డారు. ఉండుండి పక్క దారిన ఎవరో తెల్లబట్టలాయన, వెనక పరివారం, నేరుగా లోపలికి పోయేవాళ్ళు. అప్పుడు వరస ఆగేది. మళ్ళీ కదిలేది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. వాళ్ళు వెళ్ళినంతసేపూ తలుపు తీసి ఉండడం చూసి, ఆ సందులోంచి అమ్మవారు కనబడుతుందేమోనని మెడలు చాచేవాళ్ళు.

కోడలు ఆ వరసలో నిలబడి ఒకటే అనుకుంది. చేతికి ఏది తగిలితే అది తీస్తాను. వెతకను. వరస కదిలిన ప్రతిసారీ అదే అనుకుంది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆ మాట అరిగిపోయి ఏమీ మిగల్లేదు.

లోపల దీపాల వేడి, నూనె వాసన, తడి రాయి. అమ్మవారు కనబడిందా అంటే కనబడింది, ముందువాళ్ళ తలల మీంచి ఒక కన్ను, ముక్కుపుడక. రెండో కన్ను పూలలో ఉంది. పూజారి గొంతు, చేతులు రెండూ అలసిపోయి ఉన్నాయి. అత్త దగ్గర పొట్లాలు తీసుకుని, వాటిని పళ్ళెంలో వేసి, అమ్మవారి పాదాల దగ్గర ఒకసారి తాకించి తెచ్చాడు. సంగతేమిటని అడిగాడు. కొడుకు అంది అత్త. ఎవరు తీసేది అంటే కోడలు ముందుకొచ్చింది. కొంగు కళ్ళకు అడ్డంగా బిగించాడు.

"తియ్యమ్మా. వెనక జనం."

ఆమె చెయ్యి పళ్ళెంలోకి పోయింది. ముందు తగిలిన పొట్లం మీద బొటనవేలు దారం వెంట జారింది. కుడి పురి. నున్నగా, గట్టిగా, బావి తాడుకు వేసినంత శ్రద్ధగా ఉంది. ఒక్క క్షణం ఆ వేలు అక్కడే ఉంది. తరవాత పక్కకు జరిగింది. రెండోదాని దారం వేలికి ఎదురు తగిలింది. ఎడమ పురి. ఆమె దాన్ని తీసింది.

పూజారి విప్పిన చప్పుడు వినబడింది. కొంగు జారేసరికి ఆకు మధ్యలో కుంకం ఎర్రగా ఉంది.

"ఉన్నాడు తల్లీ" అన్నాడు పూజారి. అందులోంచే చిటికెడు తీసి ఆమె నుదుటి మీద వెడల్పుగా దిద్దాడు. పసుపు కుంకాలతో ఉండమన్నాడు. రెండో పొట్లం ఆమె చేతిలో పెట్టి గుండంలో వదలమన్నాడు. అప్పటికే ఆయన కళ్ళు వెనకున్న మనిషి మీదికి పోయాయి. ముసలామె గడప పట్టుకుని నిలబడి ఏడుస్తోంది. వరసలోవాళ్ళు ఆమెను మెల్లగా పక్కకు జరిపారు.

*

గుండం కొండకు రెండోవైపు, దిగువన. అత్త ఆ పొట్లం తనకిమ్మంది, తనే వదులుతానంది. మోకాళ్ళు పట్టుకుని రెండు మెట్లు దిగి కూలబడిపోయింది. తీసినవాళ్ళే వదలాలన్నారుగా అని కోడలు ఆమెను నీడన కూర్చోబెట్టి ఒక్కతే దిగింది.

ఎడమ పురిలో కుంకం ఎలా వచ్చిందన్నదే ఆమె కాలు ముందుకు పడనివ్వడంలేదు. అత్త చెయ్యి తప్పదు. అది సూర్యుడు తూర్పున పొడిచినంత ఖాయం. ఆకులో కట్టింది బూడిదే అయి ఉండాలి. కట్టింది బూడిదే, విప్పితే కుంకం. మధ్యలో తాకింది అమ్మవారి పాదాలు మాత్రమే. తను దొంగచాటున వేలితో వెతికింది, అమ్మవారు చూసింది, రెండిటినీ తారుమారు చేసింది. ఇంకెలా వస్తుంది?

మెట్ల మధ్యలో ఆమె నిలబడిపోయింది. అయితే ఉన్నాడన్నమాట. ఆ మాట కాళ్ళలోంచి పైకి పాకింది. ఎక్కడో ఒక రేవులో, ఏ గోనెల నీడనో, భుజం మీద తువ్వాలు వేసుకుని నిలబడి ఉన్నాడు. అన్నేళ్ళుగా గుర్తు రానిది అప్పుడు గుర్తొచ్చింది, అతను చెప్పులు వేసుకునేటప్పుడు ఎప్పుడూ గోడను పట్టుకునేవాడు. మడమ పగుళ్ళు. ఆ మనిషిని తను చంపబోయింది. ఆమెకు వెన్ను చల్లబడింది. ఆ చలిలోనే ఎక్కడో, ఎండిపోయిందనుకున్న చోట, కాస్త తడి తగిలింది. కొట్టాయన మొహం ఒకసారి గుర్తొచ్చి, తనంతట తనే తప్పుకుంది. వస్తాడు, ఎదురు చూస్తాను, నన్ను మన్నించు తల్లీ అనుకుంటూ మిగిలిన మెట్లు దిగింది.

గుండం దగ్గర కాపలా మనిషి ఒకడు దగ్గుతూ కూర్చుని ఉన్నాడు. పొడుగాటి కర్రతో తేలిన ఆకుల్ని పక్కకు నెడుతున్నాడు. నీళ్ళ నిండా పొట్లాలు, కొన్నింట్లోంచి ఎరుపు, కొన్నింట్లోంచి బూడిదరంగు కారి కలిసిపోతున్నాయి. కోడలు మెట్టు మీద వంగి పొట్లం నీళ్ళలో వదిలింది. చేతులు జోడించింది. అందులో ఉన్నది బూడిద, తన పాపం, పోనీ అనుకుంది. పొట్లం ఒక పక్కకు ఒరిగి, తడిసి, మెల్లగా మునిగింది. దాని అంచులోంచి ఎర్రటి చార ఒకటి బయటికొచ్చి నీళ్ళలో విడిపోయింది.

ఆమె కళ్ళు ఆర్పకుండా చూసింది. వేరే పొట్లానిదేమో అనుకుంది. కాదు. ఇంకా ఎర్రగా వచ్చింది, ఇంకా.

కాపలా మనిషి కూడా చూశాడు. "అయ్యో, కుంకం వదిలావా తల్లీ" అన్నాడు. ఎవరు పోయారో అడగబోయి, ఆమె తలెత్తేసరికి నుదుటి మీది కుంకం చూశాడు. ఆ బొట్టునీ, నీళ్ళలోని ఎరుపునీ మార్చి మార్చి చూశాడు. తరవాత కర్ర చివరతో నీళ్ళను కలిపేశాడు. ఎరుపు చెదిరి మిగతా రంగులో కలిసిపోయింది.

"నేనేం చూడలేదు" అన్నాడు. కాసేపాగి, "ఇక్కడ కూర్చుంటే చాలా చూడకుండా ఉండాలి" అని మళ్ళీ దగ్గాడు.

*

సత్రం వసారాలో చోటు దొరికింది. సాయంత్రం వెలుగు ఇంకా ఉంది. రోజూ ఆ వేళకు అత్త కాళ్ళు చాపుతుంది, కోడలు మోకాళ్ళకు నూనె పడుతుంది. ఆ రోజూ చాపింది. కోడలు చేతిలో నూనె వేసుకుని ఎడమ మోకాలు పట్టింది. చిప్ప చుట్టూ బొటనవేళ్ళతో తిప్పింది. పక్కనే బట్టతలాయన, భార్య తిండి మూట విప్పుకుంటున్నారు. నీకేమొచ్చిందమ్మా అని ఆవిడ అడిగితే, కుంకం వచ్చిందని ముసలామే చెప్పింది. ఆవిడ లేచొచ్చి కోడలి తల మీద చెయ్యి వేసి, అదృష్టవంతురాలివంది. కోడలు తల వంచుకుని ఆ దీవెన తీసుకుంది.

వాళ్ళు చేతులు కడుక్కోవడానికి లేచాక కోడలు తల ఎత్తకుండానే అడిగింది.

"కుంకం పొట్లానికి ఎడమ పురి ఎందుకేశావత్తా?"

అత్త కాలు ఒకసారి బిగుసుకుంది. కోడలి చేతులు ఆగలేదు.

"గుండంలో విప్పావా?"

"విప్పలేదు. అదే చెప్పింది."

ముసలామె బయట మెట్ల మీద పోయేవాళ్ళను చూస్తూ ఉండిపోయింది. అబద్ధమాడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకుంది కోడలు. ఆమె రెండూ చేయలేదు. తాడు ఎక్కడ తెగిందో చూపించేటప్పుడు మాట్లాడే గొంతుతో మాట్లాడింది.

"ఉన్న కుంకమే రెండు పొట్లాలకూ సర్దా. రెండిటికీ కుడి పురే వేస్తే నువ్వు పళ్ళెంలోనే పట్టేసేదానివి. నీ వేళ్ళు వెతుకుతాయని నాకు తెలుసు."

కోడలు మోకాలి వెనక నరం నొక్కింది.

"కుడి పొట్లం మీద ఆగుతాయేమోనని చూశా" అంది అత్త. "ఆగాయి. మళ్ళీ జరిగాయి."

ఎడమ మోకాలు అయిపోయింది. కోడలు నూనె సీసా తీసుకుని కుడి మోకాలి వైపుకు మారింది. ఈ ముసలామెను ఇక్కడే వదిలి లేచి పోతే ఏమవుతుందని ఒకసారి అనుకుంది. ఎక్కడికి అన్నది తోచలేదు. బూడిద ఏం చేశావని అడిగింది.

"మింగా" అంది అత్త. "అమ్మవారిది, ఎక్కడ పారేసేది? పాపం కదా."

కోడలి చేతులు అప్పుడు ఆగాయి. గోడ వెనకనుంచి మూతి తుడుచుకుంటూ వచ్చిన ముసలామె కళ్ళ ముందు నిలిచింది. కొడుకు పోయాడని చెప్పవలసిన బూడిదను ఆమె చప్పరించకుండా, పుక్కిలించకుండా కడుపులో వేసుకుంది. ఉన్నాడో లేడో నీకు తెలుసా అని కోడలు అడగలేకపోయింది. అడగకుండానే అత్త చెప్పింది.

"నాకూ తెలీదే. అడగాలంటే భయమేసింది. బూడిద వచ్చిందనుకో, ఒక్కపూటలో వాడూ పోతాడు, నువ్వూ పోతావు. రాట్నం తిప్పుతాను సరే, అవతలి కొస ఎవరు పట్టుకుంటారు?"

అయితే అమ్మవారిని ఎవరూ ఏమీ అడగలేదన్నమాట. కోడలికి ఆ సంగతి అప్పుడు తెలిసింది. అంతదూరం వచ్చి, అన్ని మెట్లెక్కి, ఆమె పాదాల దగ్గర పెట్టింది ఒకరి భయాన్ని, ఒకరి దొంగతనాన్ని. ఆమె ఏం చెబుతుంది? మధ్యాహ్నం మెట్ల మీద తగిలిన ఆ తడి గుర్తొచ్చింది. ఆ కాసేపట్లో మొగుణ్ణి బతికించుకుంది తను. మళ్ళీ పోయాడు. పోయాడా అంటే అదీ లేదు, పోవడానికి కూడా వీల్లేకుండా పోయాడు. రెండోసారి అడిగితే పలకదు. అడగడం అయిపోయింది.

అన్నతో చెప్పొచ్చు. రెండు పొట్లాలూ కుంకమేనని, ముసలామె మోసం చేసిందని. నీకెలా తెలిసిందంటాడు. పోనీ అది దాచుకున్నా, దానివల్ల మొగుడు పోయినట్టు తేలదు. కొట్టాయనకు కావలసింది ముసలామె తప్పు కాదు. తీగ లాగితే డొంకంతా కదులుతుంది, ఆ డొంకలో తన వేళ్ళు కూడా ఉన్నాయి.

"తెల్లారే బస్సుకు పోదామా?" అంది అత్త.

కోడలు కుడి మోకాలు పట్టడం పూర్తి చేసింది. చేతులకు మిగిలిన నూనె తన మడమలకు రాసుకుంది.

*

బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే చోటు దొరికింది. అత్త నిద్రపోయింది. నిద్రలో తల కోడలి భుజం మీదికి వాలింది. అది బరువుగా ఏమీ లేదు, ఎండిన పీచు కట్టంత ఉంది. కోడలు జరగలేదు, సర్దనూ లేదు. కిటికీ అద్దంలో తన నుదురు కనబడింది. పూజారి దిద్దిన కుంకం చెమటకు కాస్త పక్కకు జారినా ఎర్రగానే ఉంది. కొంగు తీసి ఒక్క తుడుపు తుడిస్తే పోతుంది. కొంగు చేతిలోకి తీసుకుంది కూడా. అప్పుడు తెలిసింది, భుజం మీది తల నిద్రపోవడంలేదని. ముసలామె కళ్ళు సగం తెరిచి, అద్దంలోంచి ఆ చేతినే చూస్తోంది. వద్దనలేదు. మళ్ళీ కళ్ళు మూసుకుంది.

తుడిస్తే మాత్రం ఏముంది. తుడిచేసినంత మాత్రాన కుంకం వచ్చిందన్న మాట పోదు, రాని బూడిద వచ్చినట్టూ కాదు. కోడలు కొంగుతో మెడ మీది చెమట తుడుచుకుని వదిలేసింది.

బస్సాగే చోటు పక్కనే టార్పాలిన్ల కొట్టు. ఏ రోజు తిరిగొస్తామో చెప్పి వెళ్ళలేదు. ఆయన మాత్రం కొట్టు ముందే ఉన్నాడు, నీలం పట్టా ఒకటి నేలమీద పరిచి, దాని అంచులకు కన్నాలు వేసి ఇత్తడి రింగులు దిగ్గొడుతున్నాడు. ఆయన కూతురు పట్టా రెండో కొస కదలకుండా దాని మీద బరువుకు కూర్చుంది. బస్సు చప్పుడుకు సుత్తి ఆగింది.

కోడలు ముందు దిగి అత్తకు చెయ్యిచ్చింది. అత్త దిగి, నడుము పట్టుకుని స్తంభానికి ఆనుకుంది. మూట తీసుకుని కోడలు రెండడుగులు వేసేసరికి ఆయన ఎదురొచ్చాడు. ఏమీ అడగలేదు. చూశాడు. నుదురు దగ్గర ఆయన చూపు ఒకసారి ఆగింది, అంతే. ఆమె నోరు తెరిచింది. రెండూ కుంకమే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. ఆయన ఇంకో మాట అడిగి ఉంటే, నిజమేనా అని ఒక్కసారి అడిగి ఉంటే, చెప్పేసేదేమో. ఆయన అడిగే మనిషి కాదు. అమ్మవారి మాటను మళ్ళీ విప్పి చూసే మనిషి కాదు. మర్యాదస్తుడు.

తల ఊపాడు. భుజం మీది గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ విడివిడిగా. అన్నాళ్ళుగా కొట్టుకు వచ్చే ప్రతి ఆడమనిషినీ ఏదో ఒక వరస పెట్టి పిలిచేవాడే గానీ, ఆమెను మాత్రం ఏ వరసతోనూ పిలవలేదు. అది ఆమెకు తెలుసు, ఆమె ఆ ఖాళీని ఎంత జాగ్రత్తగా దాచుకుందో ఆయనకూ తెలుసు.

"మంచి కబురే" అన్నాడు. "పోయి విశ్రాంతి తీసుకో చెల్లెమ్మా. ప్రయాణం చేసొచ్చావు."

తిరిగి పట్టా దగ్గరికి పోయి కూర్చున్నాడు. సుత్తి మళ్ళీ మొదలైంది. కూతురు అటునుంచి ఎవరు నాన్నా అని అడగడం, కదలకు అని ఆయన అనడం వినబడ్డాయి.

కోడలు మూట ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. వెనకనుంచి అత్త కుంటుకుంటూ వచ్చి పక్కకు చేరింది. కొంతదూరం నడిచాక, చూపు నేలమీదే పెట్టి అడిగింది.

"ఏమన్నాడే?"

"చెల్లెమ్మా అన్నాడు."

ముసలామె మూట తనకిమ్మని చెయ్యి చాచింది. కోడలు ఇవ్వలేదు.